ఫైలు కలిసింది, అర్థం కలవలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో సాఫ్ట్‌వేర్ బృందాల సమష్టి పని గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఒకే డాక్యుమెంటును పది మంది ఒకేసారి దిద్దుకునే సౌకర్యం వచ్చినట్టే, డిజైన్ మోడళ్లను కూడా అందరూ ఒకే తెర మీద ఒకేసారి గీసుకునే సాధనాలు వచ్చేశాయి కనుక బృందాల మధ్య సమన్వయమనే పాత తలనొప్పి ఇక తీరినట్టేనని ఆ వ్యాసం సారాంశం. చాలా ఏళ్లుగా ఇటువంటి మోడళ్ల మీదే పనిచేస్తున్నవాణ్ణి కనుక ఆ మాటలో సగాన్ని సంతోషంగా ఒప్పుకుంటాను. మిగతా సగాన్ని ఎందుకు ఒప్పుకోలేనో చెప్పడానికే ఈ లేఖ. కొంచెం పొడవైంది, మన్నించగలరు.

ముందుగా మోడల్ అన్న మాట గురించి. ఈ మధ్య ఆ మాట వినగానే అందరికీ కృత్రిమ మేధ గుర్తుకొస్తోంది, కానీ నేను చెబుతున్నది దాని గురించి కాదు. తయారుచేయబోయే వ్యవస్థలో ఏయే భాగాలుంటాయి, ఏ భాగం దేని మీద ఆధారపడుతుంది, ఏ సంఘటన జరిగితే ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారుతుంది అన్న విషయాలను పెట్టెలుగా, బాణాలుగా, నియమాలుగా రాసుకున్న డిజైన్ వర్ణనను మా వృత్తిలో మోడల్ అంటాం. 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ ప్రమాణంగా ఆమోదించిన యూఎంఎల్ అనే చిత్ర భాష, ఆ తరువాత సిస్టమ్స్ ఇంజనీరింగ్ కోసం దాని నుంచి పుట్టిన సిస్‌ఎంఎల్, కంట్రోల్ ఇంజనీర్లు ఎక్కువగా వాడే సిమ్యులింక్ ఈ కోవలోవే. కొన్ని చోట్ల మోడల్ అంటే గోడకు అంటించిన బొమ్మ మాత్రమే, దాన్ని చూసి ఎవరికి తోచినట్టు వారు కోడ్ రాసుకుంటారు. విమానాలు, కార్లు, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ తయారుచేసే అనేక చోట్ల మాత్రం కోడ్‌లో పెద్ద భాగం ఆ మోడల్ నుంచే టూల్ ద్వారా పుడుతుంది. అక్కడ ఒక బాణం తప్పు పెట్టెకు అతుక్కుంటే యంత్రమే తప్పుగా నడుస్తుంది.

అటువంటి ఒక బాణం కథ చెబుతాను. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో, రోగి రక్తనాళంలోకి మందును కొలత ప్రకారం ఎక్కించే పంపుకు సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ఆ పంపు ప్రవర్తన మొత్తం ఒక స్థితి చిత్రంలో ఉండేది: సిద్ధం, నడుస్తోంది, ఆగింది, అలారం. మొదట్లో 'ఆగింది' అన్న స్థితికి ఒకే అర్థం, విద్యుత్ సరఫరా పోవడం వల్ల పంపు ఆగిందని. ఆ స్థితిలో నర్సు స్టార్ట్ బటన్ నొక్కితే మళ్లీ 'నడుస్తోంది'కి వెళ్లే బాణం ఒకటి ఉండేది. మా బృందంలో బటన్ల పని చూసే సహోద్యోగికి కొత్త అవసరం వచ్చింది: నర్సు కావాలనుకున్నప్పుడు పంపును కాసేపు ఆపగలగాలి. స్టార్ట్ బటన్ బాణం అప్పటికే 'ఆగింది' పెట్టె నుంచి గీసి ఉంది కనుక, దాన్ని మళ్లీ గీయడమెందుకని ఆయన ఆ పెట్టెకే 'నర్సు ఆపింది' అని పేరు మార్చి, విద్యుత్ పోయిన సందర్భానికి పక్కన మరో కొత్త పెట్టె గీసి, విద్యుత్ పోయినప్పటి బాణాన్ని దానివైపు తిప్పారు. చూడ్డానికి ముచ్చటైన మార్పు.

అదే వారంలో, వేరే బ్రాంచ్‌లో, అంటే అదే మోడల్‌కు విడిగా తీసుకున్న పని ప్రతిలో, విద్యుత్ విభాగం చూసే మరో బృందం నుంచి ఒక ఇంజనీరు పాత 'ఆగింది' పెట్టె నుంచి 'నడుస్తోంది'కి ఒక కొత్త బాణం గీశారు: సరఫరా తిరిగి రాగానే పంపు తనంతట తాను మొదలవ్వాలి. ఆమెకు కనిపిస్తున్న మోడల్‌లో అది నూటికి నూరుపాళ్లు సరైన మార్పే, ఎందుకంటే ఆమె వైపు 'ఆగింది' అంటే ఇంకా విద్యుత్ పోయి ఆగిందనే. రెండు బ్రాంచులనూ కలిపాం. మెర్జ్, అంటే ఆ కలపడం, సాఫీగా జరిగిపోయింది, రెండు మార్పులు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని హెచ్చరించే కాన్‌ఫ్లిక్ట్ ఒక్కటి కూడా చూపలేదు. ఆమె గీసిన బాణం ఆ పెట్టె పేరును కాక, టూల్ దానికి లోపల ఇచ్చుకున్న గుర్తింపు సంఖ్యను పట్టుకుని ఉంది. పేరు మారినా ఆ సంఖ్య మారలేదు. ఫలితంగా కలిసిన మోడల్‌లో నర్సు చేత్తో ఆపిన పంపు, కరెంటు రెప్పపాటు పోయి వస్తే, ఎవరూ తాకకుండానే తిరిగి మందు ఎక్కించడం మొదలుపెడుతుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఎవరి బ్రాంచ్‌లో వారి పరీక్షలన్నీ నెగ్గాయి కూడా. ఆ మోడల్‌ను సిమ్యులేషన్‌లో నడిపి చూస్తున్న టెస్టర్ ఒకరు, విద్యుత్‌ను ఊరికే ఒకసారి ఆపి మళ్లీ ఇచ్చి చూద్దామనుకోవడం వల్ల ఆ సంగతి బయటపడింది. ఆ పరీక్ష ఏ జాబితాలోనూ లేదు.

ఈ ఘటన విన్నవారు సాధారణంగా వెంటనే అడిగే ప్రశ్న, టూల్ సంఖ్యను కాక పేరును చూసి పోల్చి ఉంటే సరిపోయేది కదా అని. ఈ ఒక్కసారికి సరిపోయేదే. కానీ పేరును చూసి పోల్చే టూల్‌కు పేరు మార్పు అంటే ఒక పెట్టెను తీసేసి ఇంకొకటి పెట్టినట్టే లెక్క. అప్పుడు ఒక చిన్న అక్షర దోషం దిద్దినా ఆ పెట్టెకున్న బాణాలన్నీ తెగిపోయినట్టు కనిపించి, ఏది నిజమైన మార్పో తెలియని గందరగోళం పుడుతుంది. ఈ రెండు పద్ధతులనూ చాలినంత కాలం వాడి చూశాను. సంఖ్య చేసే పొరపాట్లు అరుదు, కానీ చప్పుడు చేయవు. పేరు చేసేవి రోజూ ఉంటాయి, కానీ కనిపిస్తాయి. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే ఇద్దరూ ఒకే మాట అనుకుంటున్నారని కాదనే సంగతి మాత్రం రెంటిలోనూ మారదు.

ఇలా జరగడానికి మూలం, ఫైళ్లలో మార్పులను దాచి, పోల్చి, కలపడానికి మనం రోజూ వాడే వెర్షన్ కంట్రోల్ సాధనాలు ఎవరి కోసం పుట్టాయన్న దాంట్లో ఉంది. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పుట్టిన, రెండు ఫైళ్ల తేడాను చూపే డిఫ్ మొదలు, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ దాకా, ఇవన్నీ ఫైలును వరుసల దొంతరగా చూసి పోల్చడానికి అలవాటుపడ్డవి. కోడ్‌కు అది చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే కోడ్‌లో పక్కపక్కనున్న వరుసలకు అర్థంలోనూ ఎంతో కొంత చుట్టరికం ఉంటుంది. మోడల్ వలలాంటిది. దాన్ని దాచుకునేటప్పుడు మాత్రం వలను వరుసలుగా విప్పి, ఎక్స్‌ఎంఐ అనే ఎక్స్‌ఎంఎల్ పాఠ్య రూపంలోనో మరోలానో రాసుకుంటారు. అప్పుడు తెర మీద ఆనుకుని ఉన్న రెండు పెట్టెలు ఫైలులో వేల వరుసల దూరంలో పడవచ్చు. అవతలి బృందం ఒక ప్యాకేజీని, అంటే పెట్టెల గుంపును, ఇక్కడి నుంచి అక్కడికి జరిపితే ఫైలులో వందల వరుసలు ఎర్రగా, పచ్చగా వెలిగిపోతాయి, అసలు మార్పు ఒక్కటే అయినా. సిమ్యులింక్ వాడే ఎస్‌ఎల్‌ఎక్స్ ఫైలు అసలు ఒక జిప్ మూట. దాన్ని వరుసల లెక్కన పోల్చమంటే గిట్ చేతులెత్తేస్తుంది, మూట విప్పి పోల్చే ప్రత్యేక సాధనం జోడించుకోక తప్పదు.

బొమ్మ కూర్పు సంగతి వేరే. ఎవరో ఒక పెట్టెను కాస్త పక్కకు జరిపి అందంగా సర్దితే, అర్థంలో ఏ మార్పూ లేకపోయినా ఫైలు మారుతుంది, మెర్జ్‌లో అడ్డం తిరుగుతుంది. ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్ వేదిక మీద నడిచే పాపిరస్ వంటి టూళ్లు ఈ బాధ తెలిసి, మోడల్ అర్థాన్ని ఒక ఫైలులోనూ, బొమ్మల కొలతలను వేరే ఫైలులోనూ దాస్తాయి. రివ్యూ చేసేవారు మొదటిది జాగ్రత్తగా చూసి, రెండోదాన్ని పెద్దగా పట్టించుకోకుండా వదిలేయవచ్చు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, రోజువారీ పనిలో ఇంత ఊరటనిచ్చిన డిజైన్ నిర్ణయాలు నేను తక్కువే చూశాను.

ఇక తాళాల సంగతి. ఒకరు దిద్దుతున్నంతసేపూ మరొకరు ముట్టుకోకుండా ఫైలుకు లాక్ వేయడం మా వృత్తిలో ఆది నుంచీ ఉన్న పద్ధతి. 1972లో మార్క్ రాచ్‌కైండ్ బెల్ ల్యాబ్స్‌లో రాసిన ఎస్‌సీసీఎస్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనం మొదలు, ఆ తరువాత వచ్చిన ఆర్‌సీఎస్ దాకా ఇదే దారి. కోడ్ ప్రపంచం ఆ తాళాలను దాదాపు వదిలేసింది. మోడళ్ల ప్రపంచం మాత్రం వదల్లేదు, పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు జోడించుకునే ఎల్‌ఎఫ్‌ఎస్‌లో సైతం 2017లో లాక్ సౌకర్యం వచ్చి చేరింది. కలపలేని దాన్ని కలపగలమని నటించడం కన్నా తాళం నిజాయితీ గల పద్ధతే. కానీ తాళం వేసిన వ్యక్తి సెలవు మీద వెళ్లిపోతే ఏమవుతుందో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. మిగతావారు 'నా కాపీ', 'నా కాపీ కొత్తది' అంటూ సొంత ఫైళ్లు తయారుచేసుకుని పని సాగిస్తారు. తాళం తెరుచుకున్నాక ఆ కాపీల్లోని మార్పులను అసలు మోడల్‌లో చేత్తో మళ్లీ గీస్తారు, గీసేటప్పుడు ఒకటో రెండో మరిచిపోతారు. వేర్వేరు చోట్ల మారుతున్న రెండు ఆలోచనలు ఎదురుపడాల్సిన సమయాన్ని తాళం వెనక్కు నెడుతుందే తప్ప, ఎదురుపడాల్సిన అవసరాన్ని తీసేయదు. మా పంపు మోడల్‌కు లాక్ వేసి ఉన్నా ఇదే జరిగేదని నా నమ్మకం. ఆమె తన వంతు వచ్చాక, పేరు మారిన పెట్టెను గమనించకుండా, అలవాటైన చోటి నుంచే బాణం గీసేవారు.

మీ వ్యాసకర్త అసలు ఆశలు పెట్టుకున్నది అందరూ ఒకేసారి గీసే సాధనాల మీద కనుక దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆ సాంకేతికత నిన్న మొన్నటిది కాదు. ఒకరి మార్పు వల్ల మరొకరి మార్పు స్థానం తప్పకుండా సర్దే ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ పద్ధతిని 1989లోనే ఎలిస్, గిబ్స్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ తరువాత 2011లో పరిశోధకుడు మార్క్ షపీరో, ఆయన సహచరులు సీఆర్‌డీటీ అనే డేటా నిర్మాణాలకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చారు. మార్పులు ఏ వరుసలో చేరినా, అన్నీ చేరాక అందరి దగ్గరా ఒకే ప్రతి మిగులుతుందని అవి హామీ ఇస్తాయి. ఈ హామీ గొప్పదే, గణితంతో నిరూపించినది. కానీ ఆ హామీలో ఉన్నదేమిటో, లేనిదేమిటో విడదీసి చూడాలి. అందరి దగ్గరా ఒకే ప్రతి ఉంటుంది, నిజమే. ఆ ప్రతికి అర్థం ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. ఉదాహరణకు, ఒక ఇంజనీరు 'ఖాతా' అన్న తరగతి (క్లాస్) 'పత్రం' నుంచి వారసత్వం పొందుతుందని, అంటే దాని లక్షణాలను తీసుకుంటుందని, గీసిన క్షణంలోనే, మరొకరు 'పత్రం' అన్నది 'ఖాతా' నుంచి పొందుతుందని గీశారనుకుందాం. విడివిడిగా రెండూ చెల్లుతాయి. రెండూ చేరాక ఎవరి తాత ఎవరో తెలియని వలయం మిగులుతుంది, యూఎంఎల్ నియమాల ప్రకారం అది చెల్లదు. సీఆర్‌డీటీ ఆ చెల్లని వలయాన్నే అందరి తెరల మీదా తు.చ. తప్పకుండా ఒకేలా చూపిస్తుంది.

దీనికి తోడు, పని మధ్యలో ఉన్న మోడల్ చాలాసేపు చెల్లని స్థితిలోనే ఉంటుంది. ఒక పెట్టెను రెండుగా విడదీసే పనిలో గంటసేపు బాణాలు గాలిలో వేలాడతాయి, పేర్లు తాత్కాలికంగా ఉంటాయి, పరీక్షలు నెగ్గవు. ఆలోచన కుదురుకునేదాకా ఆ గందరగోళం ఎవరిది వారి దగ్గర ఉండటమే మేలు. అందరూ చూస్తున్న తెర మీద అది జరిగితే, అదే సమయంలో ఆ మోడల్ నుంచి కోడ్ పుట్టించుకోవాల్సిన పక్క బృందం పని ఆగిపోతుంది. కొత్త వ్యవస్థ గురించి మొదటిసారి కూర్చుని ఆలోచించే రోజున, ఐదారుగురు ఒకే తెర మీద గీస్తూ చెరిపేస్తూ మాట్లాడుకునే సందర్భానికి ఈ సాధనాలు అద్భుతంగా పనికొస్తాయి, నేనూ అందుకు వాడతాను. మీ వ్యాసంతో నేను ఏకీభవించే సగం ఇదే. ఆరు నెలల పాటు ముప్పై మంది పెంచే మోడల్‌కు కావలసినవి వేరు.

సాధనాల గొడవే అసలు కష్టమన్న భావన ఎంత ఖరీదైనదో చెప్పే ఘటన ఒకటి సాఫ్ట్‌వేర్‌కు కాస్త వెలుపల, విమాన నిర్మాణంలో జరిగింది. ఎయిర్‌బస్ ఎ380 తయారీలో హాంబర్గ్, టూలూజ్ ఇంజనీర్లు కాటియా అనే ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్ తాలూకు వేర్వేరు వెర్షన్లు వాడారు. హాంబర్గ్‌లో 4, టూలూజ్‌లో 5. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైర్లు ఉంటాయి. ఒకరి మోడల్‌లోని మార్పులు మరొకరి మోడల్‌లోకి సరిగా చేరకపోవడంతో, బిగించే వేళకు వైర్లు పొట్టిగా తేలాయి. 2006లో విమానాల అప్పగింతను మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది. ఈ కథను చాలామంది వెర్షన్ల పొరపాటుగా చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పొరపాటు, రెండు మోడళ్లూ కలిసినట్టే ఉన్నాయన్న భరోసాతో అన్ని నెలలు గడిచిపోవడం.

మరి ఏం చేయాలని మీరు అడగవచ్చు. మా పని అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చినది, మోడల్‌ను ఎక్కడ కోయాలో ముందే తేల్చుకోవడం. ఒక వ్యవస్థ నిర్మాణం దాన్ని తయారుచేసే సంస్థలోని సంభాషణల తీరును పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే గమనించారు. దాన్ని ఫిర్యాదుగా కాక పనిముట్టుగా వాడుకోవచ్చు. రోజూ మాట్లాడుకునే మనుషుల చేతిలో ఒక ముక్క ఉండేలా మోడల్‌ను విడదీసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఏ పేర్లు, ఏ సంకేతాలు దాటవచ్చో ఒక సన్నని ఉమ్మడి ఫైలులో రాసి, ఆ ఫైలు మార్చాలంటే రెండు వైపుల వారూ సమ్మతి తెలపాలన్న నియమం పెట్టుకోవాలి. ముక్క లోపల ఎవరి స్వేచ్ఛ వారిది. ఉమ్మడి ఫైలు ఎంత సన్నగా ఉంటే బృందానికి అంత ఆరోగ్యం. అందరికీ అన్నీ కనిపించాలన్న ఉత్సాహంతో దాన్ని లావెక్కనిచ్చిన ప్రతిచోటా పాత కష్టాలు తిరిగి రావడం చూశాను. 'ఆగింది' వంటి మాట రెండు బృందాల వాడుకలో ఉన్నప్పుడు అది ఉమ్మడి ఫైలులో, ఒక వాక్యం వివరణతో ఉండాలి. మా మోడల్‌లో అది లేదు. ఉండి ఉంటే పేరు మార్చిన రోజునే ఆ వాక్యం అడ్డుపడేది.

రెండోది, బ్రాంచ్ వయసు. కోడ్‌లో వారం రోజుల బ్రాంచ్ ఇబ్బంది పెడుతుంది, మోడల్‌లో అది బృందాన్ని ముంచుతుంది. రోజుకొకసారైనా కలపడం, కలిపిన ప్రతిసారీ నియమాల తనిఖీ యంత్రం చేత నడిపించడం తప్పనిసరి. వారసత్వ వలయాలు, వేలాడే బాణాలు, బయటికి దారి లేని స్థితులు మనిషి కన్ను కన్నా తనిఖీకే బాగా దొరుకుతాయి. కానీ పంపు బాణం వంటిది ఏ తనిఖీకీ దొరకదు, అక్కడ వ్యాకరణం నిర్దుష్టంగా ఉంది. దానికి మార్పును బొమ్మగా చూపించే రివ్యూ కావాలి: పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి, మారిన బాణాలకు రంగు వేసి, మార్చినవారూ, ఆ మార్పు తగిలే పక్క బృందం వారూ కలిసి చూడాలి. ఈఎంఎఫ్ కంపేర్ వంటి సాధనాలు మోడల్‌ను వరుసలుగా కాక వలగానే పోల్చి ఆ తేడాను చూపిస్తాయి. మాటగా ఒక్క ప్రశ్న చాలు: 'మీరు దీన్ని ఏమనుకుని వాడుతున్నారు?' మా వాళ్లలో కొందరికి ఈ ప్రశ్న మొదట్లో అవమానంగా తోచింది, తరువాత అలవాటైంది.

2025లో ఆమోదం పొందిన సిస్‌ఎంఎల్ రెండో వెర్షన్‌కు బొమ్మతో పాటు పాఠ్య రూపం కూడా ఉంది. మోడల్‌ను కోడ్‌లాగే టైపు చేసి, వరుసల లెక్కన పోల్చుకోవచ్చు. దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, మెర్జ్‌లో నా సాయంత్రాలు ఎన్నో మిగులుతాయి. అయినా పాఠ్య రూపంలోనూ 'ఆగింది' అన్న పేరు ఒకరు మార్చి, దాని మీద ఆధారపడే వరుస మరొకరు వేరే ఫైలులో రాయగలరు. అక్కడ పేరుతోనే సంబంధం కనుక తప్పు కనీసం గట్టిగా అరుస్తుంది, అంతవరకు మేలు.

మా పంపు కథకు మిగిలిన భాగం ఇది. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మోడల్ తెర మీద పెడితే, తప్పేమిటో కనిపెట్టడానికి వాళ్లకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. 'ఆగింది' అన్న పేరును మోడల్ నుంచి పూర్తిగా తీసేసి, రెండు స్థితులకూ రెండు పేర్లు, రెండు కొత్త గుర్తింపులు ఇచ్చారు. స్టార్ట్ బటన్ బాణాన్ని ఆయన మళ్లీ గీశారు.

మీ వ్యాసకర్త ఈ సాధనాల గురించి మరోసారి రాసే సందర్భం వస్తే ఒక చిన్న కోరిక. అమ్మేవారి ప్రదర్శనలో ఎప్పుడూ ఇద్దరు వ్యక్తులు తెరకు చెరో మూల రెండు వేర్వేరు పెట్టెలను కదుపుతూ ఉంటారు. ఒకరు అర్థం మార్చేసిన పెట్టె మీదే మరొకరు పాత అర్థంతో బాణం గీస్తే తెర మీద ఏం కనిపిస్తుందో చూపించమని అడిగి, వారిచ్చిన జవాబును మీ పేజీలో ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు